చాసిస్ ఒకరిది, పేరు మరొకరిది

మారుతి బలేనోనే టయోటా 2019లో గ్లాంజా పేరుతో అమ్మకానికి పెట్టినప్పుడు, గ్రిల్లు, లోగో తప్ప కొత్తేముందని చాలామంది పెదవి విరిచారు. ఒకే మోడల్‌ను ఇద్దరు పంచుకుంటే ఇక బ్రాండుకు విలువేమిటన్నది వాళ్ల ప్రశ్న. జవాబు కోసం జపాన్ దాకా పోనక్కర్లేదు, జంటనగరాల రోడ్ల చరిత్ర చాలు. బండి ఎక్కడ పుట్టిందన్నది కాదు, పేరు పెట్టినవాడు దానికి ఏం జోడించాడు, ఎంతవరకు పూచీ పడ్డాడన్నదే ఆ పేరును నిలబెడుతుందని ఆ చరిత్ర చెబుతుంది.

సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ ఆల్బియన్ బస్సులు గ్లాస్గో కంపెనీవి. అయినా వాటిని సమయానికి నడిపింది, బాగుచేయించింది రైల్వే కాబట్టి జనం దృష్టిలో అవి నిజాం బస్సులే. 1942లో మొదలైన హైదరాబాద్ కంపెనీ ఆల్విన్ తర్వాతి కాలంలో లేలాండ్ చాసిస్ మీద డబుల్ డెక్కర్ బాడీలు కట్టింది. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్లే ప్రయాణికుడికి మేడ, మెట్లు, కిటికీ పక్క సీటు అన్నీ ఆల్విన్ పనితనమే. ఇక ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేటు మీద జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని ప్రతీతి. చాసిస్ లేలాండ్‌దైనా టాటాదైనా ఆర్టీసీ బస్సుకు ఆ అక్షరమే గుర్తు.

అదే ఆల్విన్ పేరు స్కూటర్ మీద అంతగా నిలవలేదు. ఇటలీ లాంబ్రెట్టా యంత్రాలు, డిజైన్లు కొనుక్కున్న లక్నో స్కూటర్స్ ఇండియా ఆ స్కూటర్‌ను విజయ్ సూపర్‌గా అమ్మింది. ఆ బండే మన దగ్గర ఆల్విన్ పుష్పక్, కర్ణాటకలో ఫాల్కన్, పంజాబ్‌లో కేసరి. రాష్ట్రానికో పేరు వచ్చింది గానీ, పేరుతో పాటు మారిందేమీ పెద్దగా లేదు. 1980లలో జహీరాబాద్‌లో నిస్సాన్ క్యాబ్‌స్టార్ తేలికపాటి ట్రక్కుకూ ఆల్విన్ పేరు జోడించారు. కొన్నేళ్లకే ఆ ప్లాంటు మహీంద్రా చేతికి వెళ్లింది.

అరువు డిజైనే అసలు లోపమని అనేవాళ్లకు అంబాసిడర్ కారే జవాబు. అదీ మోరిస్ ఆక్స్‌ఫర్డే. కానీ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దశాబ్దాల పాటు తయారై, ఏ ఊరి మెకానిక్ అయినా విప్పి బిగించగలిగే బండిగా మారి మనదైపోయింది. పుష్పక్‌ను ముంచింది పేరు కాదు, బజాజ్, ఆ వెనుక వచ్చిన కైనెటిక్ హోండా పోటీయేనన్న వాదనలో నిజముంది. అయితే బజాజ్ చేతక్ కోసం ఏళ్ల తరబడి క్యూ కట్టిన రోజుల్లో ఏ స్కూటరైనా అమ్ముడుపోయేది. క్యూ తగ్గాకే పేరుకు అసలు పరీక్ష. అప్పుడు తననే ఎందుకు కొనాలో చెప్పడానికి పుష్పక్ దగ్గర సొంత కారణం లేకపోయింది.

గ్లాంజానూ ఈ కొలతతోనే చూడాలి. బలేనోకు మారుతి 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్న రోజుల్లో, టయోటా అదే బండికి 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు రాసిచ్చింది. రేకు అదే, ఇంజను అదే, పూచీ మాత్రం వేరు. కొనేవాడు లోగోకు అదనంగా చెల్లించే ప్రతి రూపాయికీ అడగాల్సిన లెక్క అదే.