ముందే కట్టిన మందు డబ్బు

2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక చెన్నై రేవు నుంచి విశాఖపట్నానికి వచ్చింది. ఉత్తరంగా సాగే ఆ దారిలో పులికాట్ సరస్సు, దుర్గరాజపట్నం, కృష్ణపట్నం, మైపాడు, జువ్వలదిన్నె అన్నీ ఎడమచేతి వైపు వెనక్కి జారిపోతాయి. ఓడ ఎక్కడం తెలుగువాళ్ళలో మధ్యతరగతికి కూడా అందుబాటులోకి వచ్చినప్పటి నుంచి, టికెట్టుతో పాటు ఇంకో ప్రశ్న కూడా ఇళ్ళలోకి వచ్చింది. మందు ప్యాకేజీ తీసుకోవాలా, వద్దా?

ప్రపంచంలోని పెద్ద క్రూయిజ్ కంపెనీలు ఈ బేరాన్ని దాదాపు ఒకే తీరుగా నడుపుతాయి. రోజుకు ఇంతని ప్రయాణం మొత్తానికీ ముందే కట్టించుకుంటాయి. ఆపైన సర్వీసు చార్జీ. చాలా కంపెనీల్లో ఒకే గదిలో ఉన్న పెద్దవాళ్ళలో ఒకరు తీసుకుంటే మిగతావాళ్ళూ తీసుకోవాలి. కార్నివాల్ కంపెనీ అయితే రోజుకు 15 గ్లాసులు దాటనివ్వదు. ఓడ రేవులో ఆగి ఊరు చూడ్డానికి దిగిన రోజుకీ డబ్బు కట్టినట్టే. కట్టిన డబ్బు గిట్టాలంటే రోజుకు అయిదో ఆరో తాగాలి. మామూలుగా రెండు తాగే మనిషి కూడా డబ్బు వృథా అవుతుందని మూడోదానికి చెయ్యి చాపుతాడు. తాగని భార్య వాటా మాత్రం ఏ గ్లాసులోకీ రాదు.

తాగుడు ఖర్చును ముందే కట్టించుకోవడం ఈ తీరానికి కొత్త కాదు. నాలుగు వందల ఏళ్ళలో అది రకరకాల రూపాల్లో ఇక్కడికి వచ్చింది. దాదాపు ప్రతిసారీ తాగనివాళ్ళ వాటా లెక్కలోంచి తప్పిపోయింది. ఆ వాటాను లెక్కగట్టి చూపించింది కూడా నెల్లూరు జిల్లా ఆడవాళ్ళే.

వాకాడు మండలంలోని దుర్గరాజపట్నం 2022 జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గాని, చరిత్రలో అది నెల్లూరు తీరపు ఊరే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో ఇక్కడ కోట లాంటి వర్తక స్థావరం కట్టుకుంది. తమకు సాయపడిన ఆర్ముగం ముదలియారు పేరు మీద దాన్ని ఆర్మగాన్ అన్నారు. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ళు అప్పటికే గెల్డ్రియా కోటలో పాతుకుపోయి ఉన్నారు. ఆర్మగాన్ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు నేల సంపాదించాడు. మరుసటి ఏడు కంపెనీ మూటాముల్లె సర్దుకుని అక్కడికి వెళ్ళిపోయింది. చెన్నపట్నం పుట్టుక వెనక ఈ చిన్న ఊరు ఉందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలు ఇంకాస్త గట్టిగా చెప్పాలి.

ఆ కాలపు ఓడల్లో తాగుడు సరదా కాదు, రేషను. పీపాల్లో నీళ్ళు నెలల తరబడి నిలవుండి పాచిపట్టేవి. ఐరోపా నుంచి తెచ్చిన బీరు ఉష్ణదేశాల వేడికి పులిసిపోయేది. అందుకని తూర్పు సముద్రాల్లో సారాయే దిక్కయింది. తాటికల్లు, కొబ్బరికల్లు, బెల్లపు మడ్డి, బియ్యం, ఏది దొరికితే దానితో బట్టీ పెట్టిన సారా గోవా నుంచి, సిలోను నుంచి, బటావియా నుంచి ఓడలకెక్కేది. సారాలో నిమ్మరసం, చక్కెర, మసాలా కలిపి నావికులు తాగిన పంచ్ ఈ దారుల్లోనే ఐరోపాకు చేరింది. బ్రిటిష్ నౌకాదళం 1731లో అచ్చువేసిన నిబంధనల్లో సారా పేరు ఉంది. మనిషికి రోజుకు గాలన్ బీరు, లేదంటే పైంటు ద్రాక్షసారాయం, అదీ లేదంటే అరపైంటు బ్రాందీ గాని రమ్ము గాని సారా గాని ఇవ్వాలి. అరపైంటంటే దాదాపు పావు లీటరు. ఘాటైన మద్యం రోజుకు పావు లీటరు చొప్పున, జీతంతో పాటు, అడక్కుండానే.

వచ్చేదాన్ని వదులుకునేవాళ్ళెవరు? తాగి తాళ్ళమీంచి పడ్డవాళ్ళు, కొట్లాడుకుని కొరడా దెబ్బలు తిన్నవాళ్ళు కోకొల్లలు. అందుకే 1740లో అడ్మిరల్ వెర్నన్ ఆ అరపైంటులో నాలుగింతల నీళ్ళు కలిపి రెండు పూటలుగా పొయ్యమన్నాడు. 1824లో కొలత సగమైంది, మరో పాతికేళ్ళకు మళ్ళీ సగమైంది. పూర్తిగా ఆగింది మాత్రం 1970 జూలై 31నే. తాగను అని పేరు రాయించుకున్న నావికుడికి ఆ వాటా బదులు రోజుకు మూడు పెన్నీలు ఇచ్చే ఏర్పాటు మధ్యలో వచ్చింది. ఎంత తక్కువైనా తాగనివాడికి చెల్లు రాసిన పద్ధతి అది. నేటి విహారనౌకల ప్యాకేజీల్లో చాలావాటికి ఆ మర్యాద లేదు.

ఒడ్డు మీద లెక్క వేరు. నెల్లూరు తీరమంతా ఇసుక నేలల్లో తాటిచెట్లు విరివిగా పెరుగుతాయి. గీత వృత్తివాళ్ళు కట్టిన ముంతల్లోంచి పొద్దున దిగిన కల్లు సాయంత్రానికి పులిసిపోతుంది. దాన్ని నిలవచెయ్యలేరు, దూరం మోసుకుపోలేరు. కాబట్టి ఊరికి ఎంత కావాలో అంతే. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో ఆ పరిమితి మీద సర్కారు చెయ్యి పడింది. గీసే ప్రతి చెట్టుకీ పన్ను, ప్రతి కొట్టుకీ వేలం పాట. ఈ తీరంలో ఉప్పు కొటార్లను కాపలా కాసిన శాఖే కల్లు కొట్లనూ చూసేది. ఉప్పు, ఆబ్కారీ శాఖ అన్నదే దాని పేరు. పేదవాడి కూడులోని ఉప్పు మీదా, వాడి ముంతలోని కల్లు మీదా రాబడి వసూలుకు ఒకే ఉద్యోగి తిరిగేవాడు.

వేలం పాట కీలకం. పాట పాడినవాడు ఏడాది కిస్తులు సర్కారుకు కట్టితీరాలి. అమ్మినా అమ్మకపోయినా కట్టాలి. ఆ క్షణం నుంచి వాడి బతుకంతా ఆ డబ్బు రాబట్టుకోవడమే. ఊళ్ళో తాగేవాళ్ళు తగ్గితే వాడు మునుగుతాడు. ఓడలో ప్యాకేజీ కొన్నవాడికి ఏ తొందర ఉంటుందో, పాటదారుకూ అదే తొందర. కాకపోతే పాటదారు తన డబ్బు గిట్టించుకోవడానికి ఇతరుల చేత తాగించాలి.

1921 ఏప్రిల్ 7న గాంధీ నెల్లూరుకు దగ్గర్లో పెన్న ఒడ్డున పల్లెపాడు ఆశ్రమాన్ని ప్రారంభించారు. పొణకా కనకమ్మ వంటివారు దానికి అండగా నిలిచారు. సహాయ నిరాకరణ రోజుల్లో కల్లు కొట్ల దగ్గర పికెటింగు ఉద్యమంలో ముఖ్యభాగమైంది. మద్రాసు ప్రభుత్వ రాబడిలో ఆబ్కారీది పెద్ద వాటా, కాబట్టి కొట్టు ముందు నిలబడటం అంటే ఖజానా ముందు నిలబడటమే. 1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం పెట్టారు, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. పోయిన రాబడి పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. 1948 అక్టోబర్ 2 నాటికి నిషేధం మద్రాసు రాష్ట్రమంతా, నెల్లూరుతో సహా, అమల్లోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబర్‌లో ఇదే నిషేధం గొడవ మీద టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960ల చివరికి నిషేధమూ పోయింది.

ఆ తర్వాత అంకెలు పరుగెత్తాయి. 1970-71లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ రాబడి 39 కోట్లు. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. మధ్యలో వచ్చింది 1980ల వారుణి వాహిని పథకం. సర్కారు సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి పాటదార్లకు ఇచ్చేది. కల్లు ముంతను చెట్టు దగ్గరికి వెళ్ళి తాగాలి, ప్యాకెట్టు మాత్రం జేబులో పడుతుంది. దాన్ని పొలం గట్టు మీదికి తేవచ్చు, ఇంటి గడపలోకి తేవచ్చు, కూలి డబ్బులో పట్టుకునే లెక్కన అరువివ్వచ్చు. మంచినీళ్ళ కుళాయి లేని పల్లెకు కూడా సారా వేళకు చేరేది. నెల్లూరు ఆడవాళ్ళు అధికారుల ముందు ఎత్తి చూపించింది ఈ వ్యత్యాసాన్నే.

1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడుల్లో కూలి ఆడవాళ్ళు పలకలు పట్టుకున్నారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుబోతు మొగుడితో వేగలేక ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టి సారాకొట్టు మూయించిన మనిషి కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం పుస్తకంలో ఆగలేదు. వర్ధినేని రోశమ్మ తదితరులు సారాకొట్టును మూయించారు. పక్క ఊళ్ళు విన్నాయి. దూబగుంటలో జరిగినది తర్వాతి వాచకంలో మరో పాఠమై అచ్చయింది. చదువుకుంటున్నవాళ్ళు తమ గురించి తామే చదువుకున్నారు. తెలుగునాట వయోజన విద్య చరిత్రలో ఇంతకంటే గొప్ప ఘట్టం ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెప్పవచ్చు.

ఆ రాత్రిబడుల్లో అక్షరాలతో పాటు కూడికలు, తీసివేతలు కూడా నేర్పేవాళ్ళు. మగవాడి కూలి ఎంత, సారాకు పోయేదెంత, తన కూలిలోంచి కూడా గుంజుకుపోయేదెంత, పిల్లాడి పుస్తకాలకు మిగిలేదెంత? సర్కారు ఎక్సైజ్ రాబడిని ఒకే వరుసలో రాసుకుంటుంది. పగిలిన తలలు, ఆగిన చదువులు, తాకట్టు పడ్డ గిన్నెలు ఆ వరుసలోకి రావు. ఈ ఆడవాళ్ళు రెండో వరుస రాశారు.

1992లో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని కొట్ల మీదికి వెళ్ళారు. ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టారు. ఉద్యమం మొదటి నుంచీ అసలు తాళం ఎక్కడుందో వాళ్ళకు తెలుసు. అందుకే నెల్లూరులో సారా వేలం పాటల దగ్గరికే వెళ్ళి అడ్డం నిలిచారు. పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. ముందుగా డబ్బు కట్టేవాడు లేకపోతే తాగించేవాడూ ఉండడు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది వాకాడు. ఆర్మగాన్ కోట ఉన్న మండలమే. రాష్ట్ర ప్రభుత్వాధినేత సొంత జిల్లాలోనే ఆ ప్రభుత్వం వేలం పాట జరుపుకోలేకపోయింది.

1992 అక్టోబర్‌లో కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా ఆగింది, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా ఆగింది. 1994 డిసెంబర్‌లో ఎన్టీ రామారావు ప్రమాణ స్వీకారం చేసిన రోజే సంపూర్ణ మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. సారా మీద నిషేధం ఉండిపోయింది గాని సీసా మందు తిరిగొచ్చింది. రోశమ్మ 2016లో కన్నుమూశారు.

2024 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3,396 మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటువాళ్ళకు ఇచ్చింది. దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, దుకాణం దక్కినా దక్కకున్నా తిరిగి రావు. 89,882 దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాలో సుమారు 1,798 కోట్లు పడ్డాయి. లాటరీ తగిలినవాళ్ళు ఆపైన లైసెన్సు రుసుము కూడా కట్టారు. వేలం పాట పేరు మారింది, ముందు కట్టడం మారలేదు. ఆ డబ్బు తిరిగి రావలసింది మళ్ళీ ఊళ్ళలోంచే.

1993లో సారా ఆగిన వెంటనే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. ఒక్కో సభ్యురాలు రోజుకు ఒక రూపాయి, నెలకు ముప్పయి. మొగుడి సారాకు పోయే డబ్బులోంచి మిగిలిందే ఆ రూపాయి. రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలు వేళ్ళూనుకోవడానికి దారి వేసినవాటిలో ఈ సంఘాలు ముందున్నాయి. ఇక్కడా డబ్బు ముందే కడతారు. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి అప్పు ఇచ్చారు, వడ్డీ ఎంత అన్నది అందరి ఎదుటా పైకి చదివి పుస్తకంలో రాస్తారు. రాత్రిబడిలో సంతకం నేర్చుకున్నవాళ్ళు ఆ పుస్తకాల్లోనే తమ పేరు రాయడం మొదలుపెట్టారు.