తాత్కాలికం గడువుకే

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. దేశంలో అలా జరగడం అదే మొదటిసారి. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి ఆ రోజే రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, కార్మిక ఉద్యమంలో ఎదిగి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన మనిషి ఆయన. రాష్ట్రపతి స్థానంలో ఆయన గడిపిన ఆ పదకొండు వారాలను కాంగ్రెస్ చీలికకు నాందిగా చెప్పుకోవడం పరిపాటి. నాకు మాత్రం అందులో మరో ప్రశ్న ముఖ్యంగా కనిపిస్తుంది. పెద్ద కుర్చీలో కొద్దికాలం కూర్చున్నవారికి ఎంత అధికారం ఉంటుంది? ఇన్‌ఛార్జి అధికారి అంటే రోజువారీ ఫైళ్లు నడిపి, పెద్ద ఫైళ్లను రెగ్యులర్ అధికారి వచ్చేదాకా పక్కన పెట్టేవారన్న అభిప్రాయం మన ఆఫీసుల్లో పాతుకుపోయింది. అది సరికాదని 1969 నాటి అనుభవం చెబుతోంది. తాత్కాలికమన్నది గడువుకే వర్తిస్తుంది, అధికారానికి వర్తించదు.

రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. 65వ అధికరణం ప్రకారం, రాష్ట్రపతిగా వ్యవహరించే ఉపరాష్ట్రపతికి ఆ కాలమంతా రాష్ట్రపతి అధికారాలన్నీ ఉంటాయి, రక్షణలూ ఉంటాయి, జీతభత్యాలూ ఉంటాయి. ప్రమాణం కూడా రాష్ట్రపతి చేసేదే. ఆ కాలంలో ఆయన రాజ్యసభ అధ్యక్ష స్థానంలో కూర్చోకూడదు. అంటే పాత పని చేస్తూ కొత్త పనిపై ఒక కన్ను వేసి ఉంచే ఏర్పాటు కాదిది. పరిమితి పెట్టింది కాలానికి మాత్రమే: పదవి ఖాళీ అయిన ఆరు నెలల్లోగా ఎన్నిక జరగాలి. దేశానికి ఒక్కరోజు కూడా సగం రాష్ట్రపతి ఉండకూడదన్నదే దీని వెనుక ఉన్న ఆలోచన అని నేననుకుంటాను. యుద్ధమైనా, ప్రభుత్వం పడిపోవడమైనా కొత్త ఎన్నిక దాకా ఆగదు కదా.

జూలై 19న ఈ సూత్రానికి పరీక్ష వచ్చింది. 50 కోట్ల రూపాయలకు మించి డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై గిరి సంతకం చేశారు. అంత పెద్ద నిర్ణయం తాత్కాలికంగా ఉన్నవారు తీసుకోవచ్చా, పైగా రెండు రోజుల్లో పార్లమెంటు మొదలవుతుండగా అంత తొందరేమిటి అన్నది అభ్యంతరం. తొందర గురించిన ప్రశ్న న్యాయమైనదే, కానీ దానికి జవాబు చెప్పవలసింది సలహా ఇచ్చిన మంత్రివర్గం. ఆ సలహాను తాత్కాలికుడినన్న కారణంతో ఆపి ఉంటే, గిరి తనకు లేని కొత్త అధికారాన్ని సృష్టించుకున్నట్టయ్యేది. పని ఆపడం కూడా అధికారం చెలాయించడమే. 1977లో తాత్కాలిక రాష్ట్రపతి బి.డి. జత్తి విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. తొమ్మిది రాష్ట్రాల శాసనసభల రద్దుకు జనతా ప్రభుత్వం సిఫారసు చేస్తే ఆయన వెంటనే సంతకం చేయలేదు. చివరికి ఏప్రిల్ 30న చేశారు. ఆ రద్దు మంచిదా కాదా అన్న చర్చ వేరు. మంత్రివర్గ సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 42వ సవరణ అప్పటికే రాజ్యాంగంలో రాసింది. పూర్తికాలం రాష్ట్రపతికి లేని వెసులుబాటు తాత్కాలికుడికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. సంతకం పెట్టేనాటికే గిరి రాష్ట్రపతి పదవికి పోటీ చేస్తానని ప్రకటించి ఉన్నారు. తాత్కాలిక కుర్చీ ఆయనకు నిచ్చెన అయిందన్న విమర్శను నేను తేలిగ్గా తీసిపారేయలేను. 1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదంలో వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్న మనిషి, పోటీ ప్రకటించిన నాడే తప్పుకొని ఉంటే ఇంకా హుందాగా ఉండేది. ఆయన జూలై 20న తప్పుకున్నారు. అయితే ఈ లోపం స్వప్రయోజనానికి సంబంధించింది. దానికి విరుగుడు అధికారాన్ని కుదించడం కాదు, స్వప్రయోజనాన్ని దూరంగా పెట్టడం. గిరి తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆ పని చేసి చూపించారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి పదవులు రెండూ ఖాళీ అయితే ప్రధాన న్యాయమూర్తి బాధ్యత తీసుకోవాలని పార్లమెంటు మేలోనే చట్టం చేసి ఉంచింది. ఆయన అక్కడికి వెళ్లగానే సుప్రీంకోర్టులో జె.సి. షా తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. హిదయతుల్లా ఉన్నది 35 రోజులే అయినా, ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన బ్యాంకుల బిల్లుకు ఆగస్టు 9న ఆమోదముద్ర వేశారు. ఆ చట్టంపై వచ్చిన కేసును షా నాయకత్వంలో 11 మంది న్యాయమూర్తులు విన్నారు. అప్పటికి తన స్థానానికి తిరిగివచ్చిన హిదయతుల్లా ఆ ధర్మాసనంలో కూర్చోలేదు. రాష్ట్రపతిగా చేయవలసింది పూర్తిగా చేశారు, న్యాయమూర్తిగా దాని జోలికి పోలేదు.

1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. కారణం సంతకం చేసినవారి హోదా కాదు. పరిహారం లెక్కకట్టిన తీరు సరిగా లేదనీ, ఆ బ్యాంకుల పట్ల వివక్ష ఉందనీ మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 14న, ప్రభుత్వం కొత్త ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటికి నీలం సంజీవరెడ్డిపై గెలిచి ఎన్నికైన రాష్ట్రపతిగా ఉన్న గిరి దాన్ని జారీ చేశారు. జూలైలో తాత్కాలికుడిగా ఆయన చేసిన సంతకానికి చట్టం ముందు ఎంత బలం ఉందో, ఈ సంతకానికీ అంతే ఉంది.