లీగ్‌కు ముందే అసలు పరీక్ష
జిల్లా క్రికెట్ క్లబ్బులకు సన్నాహక మ్యాచ్‌లే కీలకం

వానలు తెరిపి ఇవ్వడంతోనే జిల్లా కేంద్రాల్లోని కళాశాల మైదానాలు మళ్లీ కళకళలాడతాయి. మోకాలెత్తు పెరిగిన గడ్డిని కోయించడం, గోతులు పూడ్చడం, పిచ్‌పై రోలర్ నడిపించడం, మూలన చుట్టిపెట్టిన కొబ్బరి పీచు చాపలను ఎండకు వేయడం వంటి పనులతో క్లబ్బుల కార్యదర్శులకు ఊపిరి సలపదు. లీగ్ పోటీల షెడ్యూలు వెలువడేలోగా ప్రతి క్లబ్బు నాలుగైదు సన్నాహక మ్యాచ్‌లు ఆడుకోవడం ఆనవాయితీ. వీటిలో గెలిచినా పాయింట్లు రావు, ఓడినా పోయేదేమీ లేదు. చాలామంది వీటిని కాలక్షేపంగా చూడటానికి కారణం అదే.

మండలాల నుంచి బస్సెక్కి వచ్చి ఆడే కుర్రాడికి మాత్రం ఈ మ్యాచ్‌లే ఏడాది భవిష్యత్తును తేలుస్తాయి. లీగ్ మొదలయ్యాక కెప్టెన్ కొత్తవారితో ప్రయోగాలు చేయడు. గత ఏడాది ఆడిన పదకొండుగురిలో పదిమంది మళ్లీ బరిలోకి దిగుతారు. కొత్త ఆటగాడు తన సత్తా చూపగల తరుణం లీగ్‌కు ముందున్న ఆ నాలుగు వారాలే. అవి చేజారితే మరో ఏడాది ఆగాలి. వయో విభాగాల క్రికెట్లో ఒక ఏడాది పోవడమంటే ఒక్కోసారి ఆ విభాగమే దాటిపోవడం.

పెద్ద జట్లదీ ఇదే బాట

సీజన్‌కు ముందు సన్నాహక పోటీలు ఆడటం చిన్న క్లబ్బుల అలవాటు మాత్రమే కాదు. హైదరాబాద్‌లో 1930-31లో ఆరంభమైన మొయిన్-ఉద్-దౌలా గోల్డ్ కప్ దశాబ్దాల పాటు దేశవాళీ సీజన్‌కు నాందిగా నిలిచింది. చెన్నైలో జరిగే బుచ్చిబాబు టోర్నమెంట్ కూడా ఈ కోవకు చెందినదే. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్‌ను స్థాపించి, దక్షిణ భారత క్రికెట్‌కు పితామహుడిగా పేరొందిన బుచ్చిబాబు నాయుడు తెలుగు కుటుంబానికి చెందినవారు. కొన్నేళ్లు నిలిచిపోయిన ఈ టోర్నమెంట్ 2023లో తిరిగి ప్రారంభం కాగా, 2024లో హైదరాబాద్ జట్టు విజేతగా నిలిచింది. రంజీ ఆటగాళ్లే సీజన్‌కు ముందు ఇన్ని రోజులు మైదానంలో గడుపుతుంటే, ఏడాదికి పది మ్యాచ్‌లు కూడా దక్కని జిల్లా ఆటగాడికి సన్నాహం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

మెట్టు మెట్టుగా పైకి

ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953లోనే ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడింది. అప్పటివరకు కోస్తా, రాయలసీమ ఆటగాళ్లు మద్రాసు జట్టులో చోటు కోసం పోటీ పడాల్సి వచ్చేది. 1953-54 సీజన్‌లో ఆంధ్ర తొలిసారి రంజీ ట్రోఫీ బరిలో దిగింది. భారత్ 1932లో లార్డ్స్‌లో ఆడిన తొలి టెస్టుకు సారథ్యం వహించిన సి.కె.నాయుడు, యాభై ఏళ్లు దాటిన వయసులో ఆ సీజన్‌లో ఆంధ్ర తరఫున ఆడారు.

నాటి నుంచి నేటి వరకు ఆటగాడు ఎదిగే మార్గం స్థూలంగా ఒక్కటే. క్లబ్ లేదా కళాశాల స్థాయిలో రాణిస్తే జిల్లా ఎంపిక పోటీలకు పిలుపు వస్తుంది. జిల్లా జట్టు తరఫున అంతర్ జిల్లా పోటీల్లో రాణించినవారు రాష్ట్ర ప్రాబబుల్స్‌లో చేరతారు. ఆపై అండర్-16కు విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19కు కూచ్ బెహార్, వినూ మన్కడ్ ట్రోఫీలు, అండర్-23కు సి.కె.నాయుడు ట్రోఫీ, సీనియర్లకు రంజీ ట్రోఫీ ఉన్నాయి. గుంటూరు నుంచి ఎమ్మెస్కే ప్రసాద్, విశాఖపట్నం నుంచి వేణుగోపాలరావు, కె.ఎస్.భరత్, నితీశ్ కుమార్ రెడ్డి భారత జట్టు దాకా ఎదిగారు. కడప జిల్లా క్రీడాకారిణి శ్రీచరణి 2025లో మహిళల ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో సభ్యురాలు.

జిల్లా మైదానాలను తక్కువగా చూడనక్కరలేదు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులోని సి.ఎస్.ఆర్.శర్మ కళాశాల మైదానంలో గోవాపై భరత్ 308 పరుగులు సాధించి, రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్ కీపర్‌గా రికార్డు నెలకొల్పాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లకు అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మైదానం వేదికైంది.

చాప మీద ఆట వేరు

అన్ని మైదానాలకూ ఇలాంటి పిచ్‌లు లేకపోవడమే అసలు చిక్కు. పిచ్ పొడవు ఎక్కడైనా 22 గజాలే అయినా దానిపై పరిచినదాన్ని బట్టి ఆట మారిపోతుంది. చదును చేసిన నేలపై పీచు చాప పరిచి, అంచులకు మేకులు దిగగొట్టి ఆడేది మ్యాటింగ్ వికెట్. దీనిపై బంతి ఎత్తుగా, నమ్మకంగా లేస్తుంది. స్పిన్నర్‌కు మంచి పట్టు చిక్కుతుంది. బ్యాట్స్‌మన్ వెనక్కి జరిగి కట్, పుల్ షాట్లు ఆడటానికి అలవాటు పడతాడు.

బంకమట్టి వేసి, నీరు పెట్టి, గడ్డి పెంచి, రోలర్‌తో గట్టిపరిచేది టర్ఫ్ వికెట్. ఇక్కడ బంతి అంత ఎత్తుకు లేవదు. ఉదయం తేమ ఉన్నంతసేపు పక్కకు కదులుతుంది, సాయంత్రానికి కొన్ని బంతులు జారిపోయినట్లు కిందుగా వస్తాయి. చాప మీద పెరిగిన బ్యాట్స్‌మన్ బంతి లేస్తుందని వెనక్కి వెళ్లి ఎల్బీడబ్ల్యూగా దొరికిపోవడం జిల్లా ఎంపిక పోటీల్లో తరచూ కనిపించే దృశ్యం. బౌలర్‌కూ ఇబ్బందే. చాప మీద రబ్బరు అడుగు బూట్లతో పరుగెత్తినవాడు టర్ఫ్ మీద స్పైక్ బూట్లు తొడిగేసరికి అడుగుల లెక్క తప్పి నోబాల్స్ వేస్తాడు.

టెన్నిస్ బంతితో సంక్రాంతి టోర్నమెంట్లు ఆడి వచ్చే గ్రామీణ ఆటగాళ్లకు మరో అడ్డంకి ఉంది. టెన్నిస్ బంతి బరువు 60 గ్రాముల లోపే. పురుషుల క్రికెట్ బంతి 155.9 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి. దాదాపు మూడు రెట్లు బరువున్న గట్టి బంతిని క్యాచ్ పట్టడానికి, ప్యాడ్లు కట్టుకుని పరుగెత్తడానికి అలవాటు పడాలంటే నెట్స్ చాలవు, మ్యాచ్‌లు ఆడాలి. సన్నాహక మ్యాచ్‌లలో కనీసం రెండింటిని సమీపంలోని టర్ఫ్ మైదానంలో ఏర్పాటు చేసుకోగలిగితే, ఎంపిక పోటీల నాటికి ఆటగాడికి ఆ పిచ్ కొత్తగా ఉండదు.

షెడ్యూలులో దాగిన లెక్క

లీగ్ షెడ్యూలు చేతికి రాగానే క్లబ్బులు తొలి మ్యాచ్ ఎవరితో, ఎన్నో తేదీన అని చూస్తాయి. అంతకంటే ముఖ్యమైనది ఒక్కో జట్టుకు దక్కే మ్యాచ్‌ల సంఖ్య. ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి తలపడితే మొత్తం 28 మ్యాచ్‌లు జరుగుతాయి, ప్రతి జట్టుకూ 7 దక్కుతాయి. అవే జట్లను రెండు గ్రూపులుగా విడదీసి సెమీఫైనల్స్, ఫైనల్ పెడితే 15 మ్యాచ్‌లతో పూర్తవుతుంది. అయితే గ్రూపు దశ దాటని నాలుగు జట్లకు మూడేసి మ్యాచ్‌లే మిగులుతాయి. నాకౌట్ పద్ధతిలో 7 మ్యాచ్‌లతోనే విజేత తేలుతుంది. తొలి రోజే ఓడిన నాలుగు జట్లు ఒక్క మ్యాచ్‌తో ఇంటిదారి పడతాయి.

మైదానం ఒక్కటే ఉన్నచోట రోజుకో మ్యాచ్ చొప్పున 28 రోజులు కేటాయించడం కష్టం. కళాశాల పరీక్షలు, బహిరంగ సభలు, ఇతర క్రీడల పోటీలు అన్నీ అక్కడే జరుగుతాయి. అందుకే నిర్వాహకులు నాకౌట్ వైపు మొగ్గు చూపుతారు. ఆ భారం మోసేది ఆటగాళ్లే. ఏడో స్థానంలో బ్యాటింగ్‌కు దిగే కుర్రాడు, జట్టు తొలి మ్యాచ్‌లోనే ఓడితే, ఆ పోటీలో ఐదు బంతులు కూడా ఎదుర్కోకుండా వెనుదిరగవచ్చు. అతడి ప్రతిభను ఎంపిక సంఘం దేన్నిబట్టి తేల్చాలి? లీగ్‌లో మ్యాచ్‌లు తగ్గే కొద్దీ సన్నాహక మ్యాచ్‌ల విలువ పెరిగేది ఇందుకే.

అందరికీ అవకాశం దక్కాలంటే

సన్నాహక మ్యాచ్‌ల్లోనూ సీనియర్లే ముందు బ్యాటింగ్ చేసి, సీనియర్లే కొత్త బంతి అందుకుంటే ప్రయోజనం శూన్యం. కొన్ని నిబంధనలను ముందుగానే ఇరు జట్ల కెప్టెన్లు మాట్లాడుకోవడం మేలు.

తొలి రెండు మ్యాచ్‌లను క్లబ్‌లోని ఆటగాళ్లనే రెండు జట్లుగా విడదీసి ఆడించాలి. తరువాతి రెండింటిలో పొరుగు క్లబ్‌తో తలపడుతూ జట్టుకు 13 లేదా 14 మందిని అనుమతించుకోవచ్చు. బ్యాట్స్‌మన్ 40 లేదా 50 పరుగులు చేశాక తప్పుకుని మరొకరికి చోటివ్వాలి. గాయం, అనారోగ్యం వంటి కారణాలు లేకుండా ఇలా తప్పుకున్నవారిని స్కోరు పుస్తకంలో రిటైర్డ్ అవుట్‌గా రాస్తారు. చివరి రెండు మ్యాచ్‌లను మాత్రం పదకొండుగురితో, లీగ్ ఓవర్లు, లీగ్ నిబంధనలతోనే ఆడాలి.

కుర్ర ఫాస్ట్ బౌలర్ల విషయంలో జాగ్రత్త అవసరం. వేసవి అంతా ఖాళీగా ఉండి ఒక్కసారిగా రోజుకు పదిహేను ఓవర్లు వేస్తే నడుము ఎముకలో పగులు వచ్చే ప్రమాదం ఉంది. ఎదిగే వయసులో ఇది మరీ ఎక్కువ. చిన్న స్పెల్స్‌తో మొదలుపెట్టి వారం వారం ఓవర్లు పెంచుకుంటూ పోవాలి.

స్కోరు పుస్తకం నిర్వహణ కూడా అంతే ముఖ్యం. ఎవరు ఎన్ని బంతులు ఆడారు, ఎలా అవుటయ్యారు, ఏ పిచ్ మీద ఆడారు అన్న వివరాలు రాసి ఉంచితే, జిల్లా జట్టు ఎంపిక వేళ సిఫారసు లేని కుర్రాడికి ఆ పుస్తకమే సిఫారసు అవుతుంది.

వాన దేవుడిదే తుది మాట

నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు చివరికి తగ్గినా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపానులు దక్షిణ కోస్తా, రాయలసీమ జిల్లాలను పలకరిస్తూనే ఉంటాయి. దేశవాళీ సీజన్ సైతం ఇదే కాలంలో ఊపందుకుంటుంది. 2025-26 రంజీ ట్రోఫీ అక్టోబరు 15న ఆరంభమైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకడంతో, మరో రెండు రోజుల్లో అక్కడ జరగాల్సిన భారత్-వెస్టిండీస్ వన్డే మ్యాచ్‌నే రద్దు చేయాల్సి వచ్చింది. అంతర్జాతీయ మ్యాచ్‌కే తప్పని బెడద క్లబ్ లీగ్‌కు తప్పుతుందా? షెడ్యూలు వేసేటప్పుడే ప్రతి దశకూ ఒకటి రెండు అదనపు రోజులు వదలడం, వర్షంతో మ్యాచ్ ఆగితే పాయింట్లు ఎలా పంచాలో ముందే రాసుకోవడం వల్ల తగాదాలు తప్పుతాయి.

పాయింట్లు సమమైతే నెట్ రన్‌రేట్ రంగంలోకి వస్తుంది. జట్టు చేసిన సగటు పరుగుల నుంచి ఇచ్చిన సగటు పరుగులను తీసివేస్తే వచ్చేదే ఇది. ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. 30 ఓవర్ల మ్యాచ్‌లో 24 ఓవర్లకే 150 పరుగులకు ఆలౌటైన జట్టు రేటు 6.25 కాదు. ఆలౌటైతే పూర్తి 30 ఓవర్లూ లెక్కలోకి వస్తాయి కనుక ఆ జట్టు రేటు 5 మాత్రమే. ఆఖరి వికెట్‌ను కాపాడుకోవడం వల్ల ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పత్రాలు సిద్ధంగా ఉండాలి

ఆట వచ్చినా కాగితం లేక వెనుదిరిగే కుర్రాళ్లు గ్రామాల్లో ఎక్కువ. వయో విభాగాల్లో జనన ధ్రువీకరణ పత్రం, పాఠశాల రికార్డు, ఆధార్‌లలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. బడిలో చేర్చేటప్పుడు ఉపాధ్యాయులు ఉజ్జాయింపుగా వేసిన తేదీ ఎంపిక రోజున అడ్డం తిరుగుతుంది. జాతీయ పోటీలకు వెళ్లే చిన్న వయసు ఆటగాళ్లకు క్రికెట్ బోర్డు మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు పరీక్ష కూడా చేయిస్తుంది. తేడాలుంటే సవరించుకోవడానికి నెలలు పడుతుంది కనుక సన్నాహక మ్యాచ్‌లు మొదలయ్యేనాటికే ఆ పని పూర్తి చేసుకోవాలి.

లీగ్ ఫలితాలు మరునాటి పత్రికలో వస్తాయి. సన్నాహక మ్యాచ్‌ల వివరాలు ఎక్కడా అచ్చు కావు. అయినా తొమ్మిదో స్థానంలో దిగాల్సిన కుర్రాడికి ఒక ఆదివారం మూడో స్థానంలో ప్యాడ్లు కట్టుకునే వీలు కల్పించేది అవే. క్లబ్బుల పెద్దలు ఆ ఆదివారాలను లీగ్ మ్యాచ్‌లంత శ్రద్ధగా నిర్వహిస్తే, వచ్చే ఎంపిక పోటీల జాబితాలో మండలాల పేర్లు మరికొన్ని చేరతాయి.