నా బొమ్మ ఎవరితో గీయించుకోవాలి?

మొన్న ఆదివారం రాత్రి అన్నాలు తిన్నాక అందరం ముందరి గదిలో కూర్చున్నాం. డిగ్రీ చదివే మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, "అమ్మా, ఎంత పెద్ద పెయింటరైనా సరే, నీ బొమ్మ గీస్తా అని వస్తే ఎవరితోని గీయించుకుంటవ్?" అని అడిగింది.

నేను నోరు తెరవకముందే మా ఆయన "ఇంకెవరు, బాపు" అన్నారు. "బాపు బొమ్మ కావాలంటే ముందు నేను ఇరవై కిలోలు తగ్గాలె" అన్నాను. అందరూ నవ్వారు. తొమ్మిదో తరగతి చదివే మావాడు "మోనాలిసాను గీసినాయనతోని" అన్నాడు. వాడికి తెలిసిన పెయింటర్ ఆయనొక్కడే. ముచ్చట అక్కడితో అయిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మాయి అడిగినప్పుడు నా కళ్లు గోడ మీదున్న మా అమ్మ ఫొటో మీదికి పోయాయి.

మా అమ్మది కోరుట్ల. నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. పొద్దున వంట కాగానే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, దారం చుట్టుడు, మేం పడుకునే దాకా అదే పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు పుట్టినవాళ్లకు ఆ వాసన గురించి చెప్పక్కర్లేదు. మా ఫీజులు, మా పెండ్లిళ్లు ఆ చాటలో నుంచే వచ్చాయి. ఆమె చుట్టిన బీడీలు కార్ఖానాకు పోయి, కట్టల మీద లేబుల్ పడి, ఎక్కడెక్కడి ఊళ్లకో పోయేవి. ఆ లేబుల్ మీద ఒక మీసాలాయన బొమ్మ ఉండేది. చుట్టినామె బొమ్మ మాత్రం ఒకే ఒక్క కాగితం మీద ఉంది. పీఎఫ్ కోసం దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫొటో అది.

ఆరేండ్ల కింద అమ్మ పోయినప్పుడు ఆ ఫొటోనే పెద్దగా చేయించాను. స్టూడియోలో కంప్యూటర్ మీద అమ్మకు ఎర్ర పట్టుచీర కట్టారు. మొహం తెల్లగా చేశారు. ఆమె ఎన్నడూ పెట్టుకోని కమ్మలు పెట్టారు. వెనుక నీలి మబ్బులు వచ్చాయి. దినాలకు వచ్చినవాళ్లంతా ఫొటో బాగొచ్చిందన్నారు. సిరిసిల్లలో ఉండే మా చెల్లె మాత్రం చూసి, "అక్కా, గీమె మనమ్మ గాదే" అంది. తన కోసం చేయించిన కాపీ ఇక్కడే వదిలేసి పోయింది. తిరిగింది నేను, పైసలు పెట్టింది నేను, వంకలు పెట్టేది తనా అని నాకు కోపం వచ్చింది. కొన్నాళ్లు మా ఇద్దరికీ మాటలు కూడా లేవు.

మళ్లీ పిల్లల ముచ్చటకు వస్తాను. తెల్లారి పని అయ్యాక, మావాడు చెప్పిన మోనాలిసా గురించి కూర్చుని చదివాను. ఆమె రాణి కాదు, దేవత కాదు. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఒక పట్టు వ్యాపారి భార్య. పేరు లిసా. పిల్లల తల్లి. మన భాషలో చెప్పాలంటే ఒక బట్టల సేటు ఇంటి ఇల్లాలు. లియోనార్డో డావిన్చీ 1503 ప్రాంతంలో ఆమె బొమ్మ మొదలుపెట్టాడు. అది చివరికి ఆ ఇంటికి చేరనే లేదు. లియోనార్డో దాన్ని తనతోనే ఉంచుకుని, ముసలితనంలో ఫ్రాన్స్‌కు తీసుకుపోయాడు. అంత పెద్ద పెయింటర్‌ కదా అని గీయించుకుంటే ఆ ఇంటి గోడ మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

పేరున్న పెయింటర్ గీస్తే మనకు నచ్చుతుందన్న భరోసా కూడా లేదు. 1954లో బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు ఎనభై ఏండ్లు నిండినప్పుడు అక్కడి పార్లమెంటువాళ్లు గ్రాహం సదర్లాండ్ అనే పేరుమోసిన చిత్రకారుడితో ఆయన బొమ్మ గీయించి కానుకగా ఇచ్చారు. ముసలితనం ఉన్నది ఉన్నట్టు కనబడేసరికి చర్చిల్‌కు అది అస్సలు నచ్చలేదు. తరువాత ఆయన భార్య దాన్ని లేకుండానే చేయించింది. స్టూడియోవాళ్లు మా అమ్మ ముడతలు తీసేస్తే చెల్లెకు కోపం వచ్చింది. అక్కడేమో ముడతలు ఉంచినందుకు కోపం వచ్చింది.

మన దగ్గర బొమ్మ దిగే యోగం ఎవరికి ఉండేది? రాజా రవివర్మ ముందు రాజులు కూర్చున్నారు, దివాన్లు కూర్చున్నారు. ఆయన 1894లో బొంబాయి దగ్గర ప్రెస్ పెట్టాక లక్ష్మి, సరస్వతి పటాలు మామూలు ఇండ్లలోకీ వచ్చాయి. బతికున్న ఆడవాళ్లను చూసుకుంటూనే ఆయన దేవతలను గీశాడు. పటానికి పూజ చేసే మనకు, ఆ కూర్చున్నామె ఎవరన్న ఆలోచనే రాదు. ఇక హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్ల కోసమే జెనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తు గోడలు, లోపల ఫొటో తీసేది కూడా ఒక ఇంగ్లిష్ ఆమె. పరదాలో ఉండే పెద్దింటి ఆడవాళ్లు భయం లేకుండా వచ్చి ఫొటో దిగొచ్చు. పరదా లేకుండా పొలంలో వంగి పని చేసినామెకు, మగ్గం దగ్గర కండెలు చుట్టినామెకు మాత్రం ఏ స్టూడియో లేదు.

ఇదంతా చదివినాక, నేను ఎవరితో గీయించుకుంటానో నాకు అర్థమైంది. మనకు దూరమాయన కాదు. తోట వైకుంఠం గారు.

ఆయన 1942లో అప్పటి కరీంనగర్ జిల్లాలో, వేములవాడ దగ్గరి బూరుగుపల్లిలో పుట్టారు. జగిత్యాల నుంచి చెల్లె వాళ్లింటికి పోవాలంటే నేను వేములవాడ మీదుగానే పోతాను. హైదరాబాద్‌లో చదివి, బరోడాకు పోయి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అంత చదివి వచ్చి ఏం గీశారు? మన ఊరి ఆడవాళ్లను గీశారు. నల్లటి మొహం, నిండైన ఒళ్లు, రూపాయి బిళ్లంత బొట్టు, చేతుల నిండా గాజులు, ఎర్రటి చీర, కొప్పులో పూలు. తన బొమ్మల వెనుక తన ఊరి ఆడవాళ్లు, తన అమ్మ ఉన్నారని ఆయనే చెప్పుకున్నారు. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమాకు కళా దర్శకుడు కూడా ఆయనే. దొర గడీలో చాకిరీ చేసే ఆడమనిషి కథ అది. ఆ పనికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది.

ఒకప్పుడు గడీ గోడల మీద దొరల బొమ్మలుండేవి. ఈయన పుణ్యమా అని గడీ బయట నిలబడ్డ ఆడవాళ్లు ఇప్పుడు పట్నంలో పెద్దపెద్దవాళ్ల గోడల మీదికి ఎక్కారు. నల్లగా ఉన్నామెను తెల్లగా చేయలేదు. లావుగా ఉన్నామెను సన్నగా చేయలేదు. మా అమ్మకు స్టూడియోలో తీసేసినవన్నీ ఈయన బొమ్మల్లో మళ్లీ కనబడ్డాయి.

సాయంత్రం ఇదే మా అమ్మాయికి చెప్పాను. అది కాసేపు ఫోన్‌లో ఆయన బొమ్మలు చూసి, "మంచిగున్నయ్ గని, అందరూ ఒక్కతీర్గనే ఉన్నరు కదమ్మా. అమ్మమ్మ ఏది ఇందుల?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పిల్ల అన్నది నిజమే. ఆ ఆడవాళ్లకు పేర్లుండవు. అందులో మా అమ్మ ఉంది, మీ అమ్మ ఉంది, అందరి అమ్మలూ ఉన్నారు. అది ఆయన బొమ్మ గొప్పతనం. కానీ కోరుట్లలో నలభై ఏండ్లు చాట ముందు కూర్చున్న ఒక్క మనిషి కావాలంటే అందులో దొరకదు.

అప్పుడు లిసా గురించి చదివిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ బొమ్మలో ఉన్నది ఆమేనా, వేరే ఎవరన్నానా అని పండితులు ఎన్నో ఏండ్లు వాదించుకున్నారు. 2005లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం అంచున చేతిరాత కనబడింది. లియోనార్డో లిసా బొమ్మ గీస్తున్నాడని అగస్టీనో వెస్పూచీ అనే ఉద్యోగి 1503 అక్టోబర్‌లో రాసి పెట్టుకున్నాడు. ఆ బొమ్మలో ఉన్నది ఆమేనని గట్టిగా చెప్పడానికి ఆ రెండు ముక్కలే పనికొచ్చాయి. మొహాన్ని లోకానికంతా చూపించింది లియోనార్డో అయితే, ఆ మొహానికి పేరు నిలిపింది ఎవరో పుస్తకం పక్కన గీకిన రాత.

మా అమ్మ పీఎఫ్ కాగితంలో పేరు కూడా తప్పే పడింది. ఒక అక్షరం తేడా. దాని కోసం ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో!

పోయిన బుధవారం బస్సెక్కి సిరిసిల్ల పోయాను. చెల్లె ఇంట్లో అడుగు పెట్టగానే పవర్‌లూమ్ చప్పుడు. ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడక తప్పదు కాబట్టి, కోపం ఉందో లేదో గొంతును బట్టి తెలియదు. చాయ్ తాగినాక సంచిలో నుంచి పాత చిన్న ఫొటో తీసి ఇచ్చాను. నల్లటి మొహం, నలిగిన నూలు చీర, ఫొటో దిగుడంటే భయపడ్డ కళ్లు.

చెల్లె చాలాసేపు చూసింది. "గిదీ మనమ్మ" అంది. తరువాత మెల్లగా, "పట్టుచీర కట్టియ్యాలని నీకు మాత్రం ఉండదా అక్కా" అంది. ఆరేండ్లుగా నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఇద్దరం కూర్చుని ఆ ఫొటో వెనుక అమ్మ పేరు రాశాం, అక్షరం తప్పు లేకుండా. పుట్టిన ఊరు, పోయిన తారీఖు రాశాం. కింద "బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది" అని చెల్లె రాసింది. ఇంటివాళ్ల పేర్లు నేనెప్పుడూ ఇక్కడ రాయను కాబట్టి ఆ పేరు మీకు చెప్పడం లేదు. ఫొటో మాత్రం చెల్లె ఇంట్లోనే వదిలి వచ్చాను. పట్టుచీర ఫొటో మా గోడ మీదే ఉంది, ఉంటుంది. ఇప్పుడు దాని వెనుక కూడా పేరుంది.

మా అమ్మాయికి నా జవాబు మారలేదు. ఎప్పటికైనా కుదిరితే వైకుంఠం గారితోనే, పెద్ద బొట్టుతో, ఉన్న లావుతోనే. కాకపోతే కింద మూలన నా పేరు రాయమని అడుగుతాను. అది కుదిరే దాకా మీరూ నేనూ చేయగలిగే పని ఒకటుంది. ఈ ఆదివారం ఇంట్లో పాత ఫొటోలు దింపండి. వెనుక ఎవరి పేరు వాళ్లకు రాయండి. చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంకా ఉండగానే రాయండి.