కోటలో పరీక్ష, పత్రికలో పట్టిక

2026 మే 10తో గోలకొండ పత్రికకు నూరేళ్ళు. పత్రిక పుట్టింది హైదరాబాదులోనే అయినా దాన్ని పుట్టించినవాడు మన పాలమూరువాడు. సురవరం ప్రతాపరెడ్డి 1896 మే 28న, ఇప్పటి జోగుళాంబ గద్వాల జిల్లా మానోపాడు మండలంలోని బోరవెల్లిలో పుట్టాడు. హైదరాబాదులో ఆయనకు నిలువనీడ ఇచ్చిన రెడ్డి హాస్టలును 1918లో నిలబెట్టిన కొత్వాల్ వెంకటరామారెడ్డిది వనపర్తి సంస్థానంలోని రాయణిపేట. నూరేళ్ళ ముచ్చట్లో మన వాటా మనం చెప్పుకోవడం న్యాయమే. పత్రిక రాజకీయాల గురించి, నిజాం సెన్సారు గురించి రాసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను ఒక్క సంగతే పట్టుకుంటాను. రాసేవాళ్ళు ఒకచోట కూడి, రాసింది వినిపించి, దానిలో తప్పొప్పులు తేల్చుకునే అలవాటు ఈ కృష్ణా తీరంలో ఎట్లా ఉండేది, ఎటు పోయింది అన్నదే ఆ సంగతి.

అమరచింత సంస్థానానికి పేరు అమరచింతది, కొలువు ఆత్మకూరుది. అందుకే పాత పుస్తకాల్లో ఒకచోట అమరచింత సంస్థానమనీ, ఇంకోచోట ఆత్మకూరు సంస్థానమనీ కనబడి కొత్తవాళ్ళు తికమకపడతారు. రెండూ ఒకటే. నది దాటితే గద్వాల. ఇప్పుడైతే జూరాల ఆనకట్ట మీదుగా బండ్లు పోతున్నాయి గానీ, ఆనాటి పండితుడు పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని పుట్టి ఎక్కి రేవు దాటవలసిందే. నిజాం రాజ్యంలో మొత్తం 14 సంస్థానాలుంటే గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట అనే ఐదూ మన పాలమూరువే. ఈ పక్కపక్క కొలువుల పోటీ కవులకు బాగా కలిసొచ్చింది. ఒక దొర దగ్గర మాట చెల్లకపోతే ఇంకో దొర గడప ఉండేది.

వీటిలో పేరు మోసింది గద్వాల. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. సోమనాద్రి కట్టించిన కోట, దాని లోపల చెన్నకేశవస్వామి గుడి, ఆ గుడి చుట్టూ ఏటేటా జరిగే పండిత సభలు దేశమంతటా తెలుసు. కాణాదం పెద్దన సోమయాజి వంటి కవులు ఆ కొలువు వాళ్ళే. జటప్రోలు ఏలిన సురభి మాధవరాయలు తానే చంద్రికా పరిణయం రాశాడు. రాసే చెయ్యి ఉన్న రాజు ముందు కవిత్వం చదవడమంటే మాటలా! ఒప్పించాలంటే ఆస్థాన పండితుడినే కాదు, సింహాసనం మీద కూర్చున్నవాడినీ ఒప్పించాలి.

ఆ సభల్లో జరిగే పనికి పరీక్ష అనే పేరు. వచ్చినవాడు ఏ శాస్త్రంలో కృషి చేశాడో చెప్పాలి. తర్కమైతే తార్కికులు, వ్యాకరణమైతే వైయాకరణులు, కవిత్వమైతే కవులు అడుగుతారు. తట్టుకున్నదాన్ని బట్టి మర్యాద ఉండేది, వార్షికం కట్టేవారు. అంటే ఆ మనిషికి ఏటా ఇంత అని కొలువు నుంచి ముట్టేది. ఉత్త దానమైతే అడిగినవాడికల్లా పెట్టవచ్చు. వార్షికం వెనక మాత్రం ఇన్ని చెవులు విని ఒప్పుకున్నాయన్న గుర్తింపు ఉండేది.

పద్యాన్ని చెవులతో పరీక్షించడం ఎట్లాగో ఇప్పటి పిల్లలకు ఊహకు అందదు. ఉత్పలమాలలో మొదటి అక్షరానికి పదో అక్షరం జోడు కావాలి. చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది. చదివేవాడు పాదం ఎత్తుకోగానే వినేవాడు వేళ్ళు మడవడు, లెక్కపెట్టడు. ఆ చోటికి వచ్చేసరికి చెవి తానే కాచుకుని ఉంటుంది. యతి తప్పితే సభలో ఎవరో ఒకరు తల ఎత్తుతారు. నోరు విప్పి ఏమీ అననక్కరలేదు. చదివేవాడికి ఆ తల ఎత్తడమే చాలు. రెండో పాదంలో ప్రాస కుదిరిందా, మాట వ్యాకరణానికి నిలుస్తుందా, ఆ విశేషణం అర్థానికి పనికొచ్చిందా లేక గణం నింపడానికి వచ్చిందా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. నన్నడిగితే ఈ చివరి ప్రశ్నే అసలు విమర్శ. పూరణ కోసం తెచ్చిన మాటను పట్టుకోగలిగినవాడు వచన కవిత్వంలోనైనా పట్టుకోగలడు.

తిరుపతి వేంకట కవులు మన వైపు వచ్చారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు తిరిగారు. ఆ సంగతులు నానారాజ సందర్శనంలో పద్యాలై ఉన్నాయి. ఆ జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వారు ముసలితనంలో వచనంలోనూ ఈ యాత్రలను తలుచుకున్నారు. వారి అవధానం కూడా ఒక విధమైన బహిరంగ పరీక్షే. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని సమస్య ఒకరు, దత్తపది ఒకరు, నిషిద్ధాక్షరి ఒకరు ఇస్తారు. నిషిద్ధాక్షరిలో కవి తరవాత వేయబోయే అక్షరాన్ని ఊహించి దాన్నే వద్దంటారు. రాసి ముగించాక దిద్దడం కాదిది, రాస్తుండగానే అడ్డుపడటం! దీన్ని ఆటగా చూసి నవ్వేసేవాళ్ళున్నారు. కవి మనసు ఏ అలవాటు దారిన పోతుందో పట్టేసి ఆ దారి మూయడం కంటే మంచి తరిఫీదు నాకు తెలియదు.

ఇదంతా స్వర్ణయుగమని నేననను. ఆ సభల్లో కూర్చున్నవాళ్ళ కులం ఏమిటో అందరికీ తెలుసు. అమరచింతలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేసినవాడికి ఆ తివాచీ మీద చోటు లేదు. గద్వాలను చివరగా ఏలింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. సాహిత్యాన్ని ఆమె ఎంత ఆదరించినా పరీక్షకు కూర్చునే ఆడవాళ్ళు ఎందరని అడిగితే జవాబు చెప్పడం కష్టం. పైగా పరీక్ష ఎంత నిక్కచ్చిగా జరిగినా చివరికి చెయ్యి చాచేది దొర దగ్గరే. ఆయన మీద విమర్శ నోట రాదు.

అదే కాలంలో హైదరాబాదులో ఉర్దూ వాళ్ళది ఇంకో పద్ధతి. గజల్ రాసిన శిష్యుడు ఉస్తాదుకు చూపించాలి, ఉస్తాదు దిద్దాలి. దీన్ని వాళ్ళు ఇస్లాహ్ అంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఉస్తాదు దాగ్ దెహ్లవీ. కొత్తగా రాయడం మొదలుపెట్టిన ఇక్బాల్ తన గజళ్ళను దూరాన పంజాబు నుంచి దాగ్‌కు తపాలాలో పంపి దిద్దించుకున్నాడు. ఇక దిద్దవలసిందేమీ లేదని కొన్నాళ్ళకు దాగే చెప్పాడట. అంతటి ఇక్బాలు కూడా దిద్దించుకున్నవాడే. మన కుర్రకవులకు ఈ సంగతి చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు.

అటు కోస్తాలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి సభాపతిగా తెనాలి సాహితీ సమితి 1919 ప్రాంతంలో మొదలైంది. దొర లేడు, వార్షికం లేదు. రాసేవాళ్ళే వినేవాళ్ళు. మన సంస్థానాల్లో అలాంటి మార్పు రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. అది సభగా రాలేదు, పత్రికగా వచ్చింది.

గోలకొండ పత్రిక మొదట్లో సురవరానికి రాసేవాళ్ళు దొరికేవారు కాదు. తానే జంగం బసవయ్య అయ్యాడు, విశ్వామిత్రుడయ్యాడు, చిత్రగుప్తుడయ్యాడు. ఒక్కడే ఇన్ని పేర్లతో రాస్తే ఊళ్ళల్లో చదివినవాళ్ళు అబ్బో, మన దగ్గర ఎంతమంది రచయితలో అనుకున్నారు. తెలిసి చేసిన పనే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. ఎదుటివాడు రాస్తున్నాడంటే తప్ప కొందరికి కలం కదలదు.

ఆ రోజుల్లోనే ముడుంబై వేంకట రాఘవాచార్యులు నిజాం రాష్ట్రంలో ఆంధ్ర కవులు పూజ్యమని, అంటే లేనేలేరని, రాశారు. సురవరం దీనికి వ్యాసంతో బదులివ్వవచ్చు, నాలుగు తిట్లు తిట్టవచ్చు. ఆయన ఆ దారి పట్టకుండా ఊరూరి కవుల దగ్గర నుంచి పద్యాలు, వివరాలు తెప్పించాడు. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. అందులో 354 మంది కవులున్నారు. తెలుగులో చదువు చెప్పే బడే సరిగా లేని రాజ్యంలో, తపాలా అందడమే గగనమైన ఊళ్ళనుంచి అంతమంది. మన సంస్థానాల కవులకు అందులో పెద్ద పీటే దక్కింది.

ఇక్కడ నా మాట కొందరికి రుచించకపోవచ్చు. సంచిక చేసిన పని జనాభా లెక్క. మేమున్నామని చెప్పడానికి వేసిన పట్టిక అది. అందువల్ల దాంట్లో గొప్ప పద్యం పక్కన మామూలు పద్యం ఉంది, దాని పక్కన పేలవమైనదీ ఉంది. ఆనాడు అది దోషం కాదు. సాక్షుల్ని కోర్టుకు పిలిచినప్పుడు వాళ్ళ కంఠం బాగుందా అని ఎవడూ అడగడు. లేరన్నవాడికి ఉన్నారని చూపాలి, సురవరం చూపించాడు. కానీ అవసరం తీరాక కూడా మన జిల్లాల్లో వచ్చిన కవితా సంకలనాలన్నీ ఆ అచ్చులోనే పోశారు. పేరు, ఊరు, బొమ్మ, ఒక కవిత. అందులో పేరు పడితే కవి అయినట్టే. కోట సభ నుంచి మనం పరీక్షను తెచ్చుకోలేదు, సంచిక నుంచి పట్టికను మాత్రం తెచ్చుకున్నాం. సురవరం స్వయంగా అంత సులువుగా మెచ్చే మనిషి కాదు. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యాలను జల్లెడపట్టి వాటిలో జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని వెతికినవాడు. ఆ పుస్తకానికే 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగులో తొలి బహుమతి ఇచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు.

సంచిక అచ్చయిన తొమ్మిదేళ్ళకు, 1943 మే 26న, ఆ రెడ్డి హాస్టలులోనే నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. ఇప్పటి తెలంగాణ సారస్వత పరిషత్తు అదే. ప్రాథమిక, ప్రవేశ, విశారద అంటూ పరీక్షలు పెట్టి వేలమందికి తెలుగు నేర్పింది. దాని ఏడో వార్షిక సభలు 1953 జనవరి 11, 12, 13 తేదీల్లో మన అలంపురంలో జరిగాయి. అంతా తలకెత్తుకుని నడిపినవారు గడియారం రామకృష్ణశర్మ. ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. పొట్టి శ్రీరాములు పోయి నెల కూడా కాలేదు. తుంగభద్ర అవతలి గట్టున ఉన్న కర్నూలు ఆ ఏడే అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కాబోతున్నది. రెండు రాజ్యాల రచయితలు ఒక పాత గుళ్ళ ఊళ్ళో కలుసుకున్నారు.

ఆ సభల్లోనే శ్రీశ్రీ చేతుల మీదుగా కాళోజీ కవితా సంపుటి ‘నా గొడవ’ వెలువడింది. కాళోజీని శ్రీశ్రీ ఫ్రెంచి కవి లూయీ అరగాన్‌తో పోల్చాడు. గద్వాల కోటలో పదో అక్షరం దగ్గర తల ఎత్తిన పండితుడు ఆ పుస్తకాన్ని వింటే ఏమనేవాడో! బహుశా కవిత్వమే కాదనేవాడు. పాత పరీక్ష ఓడిపోయిన చోటు అదే. కొలబద్ద మారింది. కొలవడమే మానేయమని మాత్రం శ్రీశ్రీ గానీ కాళోజీ గానీ చెప్పలేదు. ఇద్దరూ తోటి కవులను గట్టిగా అడిగినవాళ్ళే.

1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాలు పోయాయి, వాటితోబాటే వార్షికాలూ పోయాయి. పోయినవాటి లెక్క రాసి పెట్టినవాళ్ళు మనకు ఉన్నారు. తూమాటి దొణప్ప ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణ మీద పెద్ద గ్రంథమే రాశారు. నాగర్‌కర్నూలులో కూర్చుని కపిలవాయి లింగమూర్తి ఊరూరి చరిత్ర తవ్వారు. వనపర్తి దగ్గరి శ్రీరంగాపురంలో పుట్టిన ఎస్.వి. రామారావు తెలుగులో సాహిత్య విమర్శ ఎట్లా పుట్టి ఎట్లా పెరిగిందో పరిశోధించి చెప్పారు. తెలుగు విమర్శకు చరిత్ర రాసినవాడు మన నేల మీదివాడు. అయినా మన సభల్లో విమర్శకు కుర్చీ వేయడం మరిచిపోయాం.

ఇప్పటి సభ ఎట్లా జరుగుతుందో చెప్పనక్కరలేదు. జ్యోతి వెలిగింపు, వేదిక మీద పదకొండు మంది, ఒక్కొక్కరికి శాలువా, కవి సమ్మేళనంలో మనిషికి మూడు నిమిషాలు. తన కవిత చదివినవాడు మెల్లగా బయటికి పోయి టీ తాగుతాడు. చివర చదివేవాడికి కుర్చీలే శ్రోతలు. అమరచింతలో నేతగాడు చీర తెచ్చి పరిస్తే షావుకారు వెలుతురుకు ఎత్తి పట్టి, ఒంటికీ అంచుకూ అతుకు పడిన చోట వేలు పెట్టి చూస్తాడు. కవితకు ఆ పాటి గౌరవం కూడా మనం ఇవ్వడం లేదు.

అందుకని ఈ నూరేళ్ళ సందర్భంలో ఆత్మకూరు, అమరచింత, గద్వాల, వనపర్తి సాహితీ మిత్రులకు నాదొక విన్నపం. నెలకు ఒక్క సాయంత్రం బడిలోనో గ్రంథాలయంలోనో పదిమంది కూర్చోండి. వేదిక వద్దు, ముఖ్య అతిథి వద్దు. ఒకరి రచన ఒక్కటే చదవండి. ముందే నకళ్ళు తీసి అందరి చేతికీ ఇవ్వండి. ఇద్దరు దానిలో కుదరనిది ఎక్కడో పంక్తి చూపించి చెప్పాలి, బాగుంది అన్న మాటతో సరిపెట్టకూడదు. అందరూ ముగించేదాకా రాసినవారు నోరు మెదపకూడదు. వచ్చే నెల దిద్దిన ప్రతితో రావాలి. మగ్గం నేసేవాళ్ళనూ, అంగన్‌వాడీ టీచర్లనూ, డిగ్రీ పిల్లలనూ పిలవండి. కోట సభ పిలవనిది వాళ్ళనే. అట్లా దిద్దుకున్న వాటిలో నుంచి ఏడాదికి ఒక చిన్న సంచిక వేయండి. అందులో 354 మంది అక్కరలేదు, పన్నెండు మంది చాలు. శాలువాల సంగతి ఆ తర్వాత చూద్దాం.