కోట బంటుకు ఏ రంగు వేయాలి?

ఈ ప్రత్యేక సంచికకు పింఛను, కరువు భత్యం సంగతులు కాకుండా వేరే ఏదైనా రాయమని సంపాదక మిత్రులు కోరారు. నేను ఉద్యోగ కాలమంతా డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీసినవాణ్ణి. విరమణ తరువాత చేయి ఊరుకోలేదు. పొణికి కర్రతో జానెడు ఎత్తు బొమ్మలు చెక్కి రంగులు వేయడం అలవాటైంది. ప్రస్తుతం మా ఖిలా వరంగల్‌లోని ఒక బడి కోసం కాకతీయుల కాలపు కాల్బలం బొమ్మలు నలభై చేస్తున్నాను. అక్కడి ఉపాధ్యాయులొకరు, “అందరికీ ఒకే ఎర్ర అంగీ, ఇత్తడి టోపీ వేయండి సార్, వరుసగా నిలబెడితే చూడముచ్చటగా ఉంటుంది” అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో మిత్రులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సైనికులందరికీ ప్రభుత్వమే ఒకే రకం బట్టలు కుట్టించి ఇచ్చే పద్ధతి చాలా కొత్తది. ఐరోపాలో కూడా అది 17వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. మరి 13వ శతాబ్దపు ఓరుగల్లుకు ఆ పద్ధతి ఎక్కడి నుంచి వస్తుంది? కాకతీయులది నాయంకర విధానం. రాజు నాయకులకు గ్రామాలను ఇచ్చేవాడు. ఆ గ్రామాల ఆదాయంతో వారు బలగాన్ని పోషించి, పిలుపు వచ్చినప్పుడు తీసుకురావాలి. ప్రతాపరుద్రుని కాలంలో 77 మంది నాయకులు కోటకు 77 బురుజుల దగ్గర కావలి కాశారని ప్రతాపచరిత్ర చెబుతుంది. ఆ లెక్క సంగతి ఎలా ఉన్నా, ఆ నాయకుల వెంట వచ్చిన బంట్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లే. ఎవరింటి బట్ట వాళ్లు కట్టుకుని వచ్చారనుకోవడమే న్యాయం.

ఆ బంటు అనామకుడే గాని అల్పుడు కాడు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి శివలోక ప్రాప్తి కలగాలని సోమనాథదేవరకు దానం చేసి ఆ శాసనం వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే బంటు. రాణీరుద్రమ ఏ సంవత్సరంలో కన్నుమూసిందో చరిత్రకారులకు తెలిసింది ఆ రాతి వల్లనే. రామప్ప గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు సేనాని కాబట్టి ఆయన పేరు నిలిచిందంటే వింత లేదు. ఒక బంటు మాట నిలిచింది, అదీ వింత. అలాంటివాణ్ణి నలభై ఒకే మూస బొమ్మల్లో ఒకడిగా చేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇక ఆధారాల మాట. మన గ్రామాల పొలిమేరల్లో, గుడుల ముందర వీరగల్లులు కనిపిస్తాయి. వాటి మీది వీరుడు చాలావరకు ఒకే తీరుగా ఉంటాడు. ఒంటి మీద అంగీ లేదు. మోకాలి పైకి బిగించిన పొట్టి బట్ట, నడుముకు దట్టి, దట్టిలో బాకు, కుడిచేత కత్తి, ఎడమచేత డాలు. జుట్టు ఒక పక్కకు ముడి వేసి ఉంటుంది. తలకు ఇనుప టోపీ ఉండదు. కుళ్లాయి, కబాయి అనే పొడుగు టోపీ, పొడుగు అంగీ మన దేశానికి పారసీక పద్ధతిని అనుసరించి తరువాత వచ్చినవి. 16వ శతాబ్దపు లేపాక్షి చిత్రాల్లో అవి పుష్కలంగా ఉన్నాయి. వాటిని చూసి కాకతీయ బంటుకు తొడిగితే రెండు వందల ఏళ్లు తప్పినట్టే.

రాయి ఆకారం చెబుతుంది గాని రంగు చెప్పదు. రంగు కోసం బట్టను అడగాలి. 13వ శతాబ్దం చివర మోటుపల్లి సీమను గురించి రాసిన మార్కో పోలో అక్కడి సన్నని నూలు బట్టలను సాలెగూడుతో పోల్చి మెచ్చుకున్నాడు. అవి రాజులు కట్టేవి. బంటు కట్టింది ముతక నూలు. ఎక్కువ భాగం రంగు వేయనిది, అంటే తెలుపు కాదు, మీగడ రంగు. రంగు వేస్తే నీలిమందు నీలం, చిరువేరు, మంజిష్ఠల ఎరుపు, పసుపు పచ్చన, కరక్కాయకు ఇనుము కలిపితే వచ్చే నలుపు. నీలిమందులో ఒక్క మునక వేస్తే లేత నీలం, పలుమార్లు ముంచితే చిక్కని నీలం. పసుపు ఎండకు త్వరగా వెలిసిపోతుంది. గొల్లల ఇంటి నుంచి వచ్చినవాడి భుజాన నల్ల గొర్రె బొచ్చు గొంగడి ఉంటుంది. తంగేడు చెక్కతో ఊనిన తోలు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. డాలుకు, చెప్పులకు ఆ రంగే వేస్తున్నాను.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. తురుష్క ఉస్మానియా సామ్రాజ్యంలో బాషీ బజూక్‌లనే సైనికులు ఉండేవారు. ఒక క్రమం, నాయకత్వం లేనివాళ్లని ఆ పేరుకు భావం. జీతం లేదు, ఒకే రకం దుస్తులు లేవు, దోపిడీయే బత్తెం. ఫ్రెంచి చిత్రకారుడు జెరోం 1868-69లో అలాంటి సైనికుడి బొమ్మ వేశాడు. పట్టు అంగీ, తలకు అలంకారమైన పాగా, చూస్తే కన్ను తిప్పుకోలేం. అయితే ఆయన తూర్పు దేశాల యాత్రలో కొనుక్కొచ్చిన బట్టలను తన చిత్రశాలలో ఒక మనిషికి కట్టబెట్టి వేసిన బొమ్మ అది. ఆ పట్టు చిత్రకారుడిది, సైనికుడిది కాదు. మన చేర్యాల నకాశీలు ఎర్రని నేల మీద వీరులను మిలమిలలాడే రంగుల్లో వేస్తారు. అది కథ చెప్పే కళకు తగిన పద్ధతి. దూరాన కూర్చున్నవాడికి కూడా వీరుడు కనబడాలి కదా! దాన్ని దుస్తుల లెక్కగా తీసుకోరాదు.

ఆసక్తి గల మిత్రులకు నా పద్ధతి చెబుతాను. ముందు బొమ్మకు తెల్లసుద్ద పూత వేసి ఆరనివ్వాలి. ఒంటి రంగు ఒకే డబ్బాలోంచి తీయవద్దు, చామనఛాయలు మూడు నాలుగు కలుపుకోండి. తెలుపులో పసుపు చుక్క, గోధుమరంగు చుక్క కలిపితే ముతక నూలు వస్తుంది. నలభైలో ఇరవై మందికి ఆ బట్టే చాలు. పది మందికి నీలం, అందులోనూ ఇద్దరికి ఒకే నీలం రాకుండా. మిగిలినవారికి ఎరుపు, పసుపు, నలుపు, గొంగడి. ఎరుపులో కాస్త గోధుమరంగు కలిపితే సీసా రంగు మెరుపు పోతుంది. కత్తికి వెండి రంగు పూయవద్దు. నలుపు బూడిద రంగు వేసి అంచుకు మాత్రం సన్నని తెల్లగీత లాగండి. మోకాళ్ల కింద దుమ్ము రంగు పలుచగా పూయాలి, ఎందుకంటే వాళ్లు నడిచి వచ్చినవాళ్లు. అందరినీ కలిపే గుర్తు ఒక్కటి చాలు. ముందు నిలబడినవాడి చేతిలో కాకతీయుల వరాహ లాంఛనం ఉన్న జెండా.

1303 నుంచి 1323 వరకు ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి పదే పదే వచ్చాయి. మట్టికోట మీద, రాతికోట మీద నిలబడి కాచినవాళ్లలో ఎందరి పేర్లో మనకు దక్కలేదు. ఒకే రంగు అంగీ తొడిగితే వాళ్లు రాజుగారి సామానులా కనబడతారు. ఎవరి బట్ట వారికి వేస్తే నాగలి వదిలి, మంద వదిలి, మగ్గం వదిలి వచ్చిన మనుషుల్లా కనబడతారు. చూసే పిల్లవాడికి అందులో ఒకడు తన ఊరివాడని తోచాలి. ఉపాధ్యాయులవారికి ఈ మాటే చెప్పాను. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గాని, నలభైలో ఇరవై ఆరు బొమ్మలకు ఇప్పటికే నా పద్ధతిలో రంగులు పడ్డాయి.