పదివేల అడుగులకు వోచరు ఏది?

చేతికి కట్టుకునే అడుగుల వాచీ కొనండి, చాలావాటిలో రోజుకు 10,000 అడుగుల లక్ష్యం ముందే పెట్టి ఉంటుంది. డాక్టర్లెవరో తేల్చిన లెక్క కాబోలు అనుకుంటాం. రక్షణ శాఖ పద్దుల్లో ప్రతి బిల్లుకూ వోచరు అడిగిన అలవాటు నాది. మరి ఈ అంకెకు వోచరు ఏది?

1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊపులోనే 1965లో యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. పేరు 'మాన్‌పో-కేయ్', అంటే పదివేల అడుగుల మీటరు. సరుకు పేరే కాలక్రమాన ఆరోగ్య సూత్రమై కూర్చుంది! గుండ్రటి అంకెకున్న మహిమ అలాంటిది, మన 108కి ఉన్నట్టే. ఆ 108 పూసల జపమాలను 100 పూసలకు కుదించి, నూరడుగులకో పూస జరుపుతూ 1866లో లాసా చేరి దూరాలు కొలిచిన సర్వే పండితుడు నైన్ సింగ్ రావత్ నాకు ఎక్కువ నచ్చుతాడు.

2019లో ఐ-మిన్ లీ బృందం అమెరికాలో 16,741 మంది వృద్ధ మహిళల అడుగులు కొలిచింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువ. సుమారు 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. అయితే ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ నడుస్తారేమో అన్న ప్రశ్న ఇక్కడా మిగిలే ఉంది.

ఇంతకీ చేతి వాచీ పసిగట్టేది చేతి ఊపును. బండి తోస్తూ నడిస్తే అడుగులు ఎగిరిపోతాయి. కొనేముందు కట్టుకుని, నడకలో ఒకసారి, పరుగులో ఒకసారి 200 అడుగులు మీరే లెక్కపెట్టి సరిచూడండి. లక్ష్యం సంగతి మీ మోకాళ్ళను అడిగి మార్చుకోండి.